టక్కర్ వారింటి సంబంధం

మా అమ్మకి మొహాలు గుర్తుండవు, ఇంటిపేర్లు గుర్తుంటాయి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం హెర్న్‌డన్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక అద్దె హాల్లో కూడుకుంటుంది. ఆరాధన అయ్యాక అందరూ బిర్యానీ ప్లేట్లు పట్టుకుని కబుర్లలో పడితే, అమ్మ కొత్తగా వచ్చిన కుర్ర దంపతులెవరున్నారా అని చూస్తుంది. ఏ కంపెనీ అని అడగదు. వీసా సంగతి అడగదు. "మీ ఇంటిపేరేంది బాబూ?" అంటుంది. అతను చెప్పగానే "బాపట్ల వైపు వాళ్ళా, రేపల్లె వైపు వాళ్ళా?" అంటుంది. ఆ తర్వాత ప్రశ్నలుండవు. వాళ్ళ మేనత్తని ఏ ఊరిచ్చారో, వాళ్ళ తాత ఏ బడిలో పంతులుగా చేశాడో ఈవిడే చెప్పుకుపోతుంది. ఆ కుర్రాడు నోరు తెరుచుకుని వింటాడు. నేను పక్కన నిలబడి విసుగు మొహం పెడతాను గానీ లోపల గర్వంగానే ఉంటుంది. ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దబెట్టి రిటైరైన మనిషి. డెల్టా ఊళ్ళన్నీ ఆవిడ బుర్రలో ఇంటిపేర్ల ప్రకారం సర్ది ఉంటాయి.

ఆ విద్యకి ఒకటే కట్టుబాటు. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస. ఆడపిల్లని ఆ ఇంటికివ్వరు, ఆ ఇంటి పిల్లని తెచ్చుకోరు. క్రీస్తుని నమ్ముకున్నాక మా వాళ్ళు జాతకాలు వదిలేశారు, ముహూర్తాలు వదిలేశారు, వర్జ్యం ఎప్పుడో కూడా మర్చిపోయారు. ఇది మాత్రం వదల్లేదు. పాస్టర్ గార్లు కూడా వదల్లేదు.

రెండేళ్ళ క్రితం ఒక శనివారం మా అమ్మాయి భోజనాల బల్ల దగ్గర, తను ఒకబ్బాయిని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నానని చెప్పింది. ఆ అబ్బాయి నాకు తెలుసు. రోడ్లూ వంతెనలూ కట్టే ఇంజనీరు, నెమ్మదస్తుడు, నల్లజాతి అబ్బాయి. తెలియనిది అమ్మకే. ఈవిడ రంగు మాట ఎత్తితే నా కూతురు ఆ బల్ల దగ్గరే యుద్ధం మొదలుపెడుతుంది, దానికి నా ముక్కుమీది కోపమే వచ్చింది.

ఫోన్‌లో ఫొటో చూసి అమ్మ అడిగిన మొదటి మాట, "నమ్మినవాళ్ళేనా?"

"యెస్ అమ్మమ్మా. వాళ్ళ గ్రాండ్‌మా చర్చ్‌లో చాలా పెద్ద పర్సన్."

"ముంచేవాళ్ళా, చిలకరించేవాళ్ళా?"

పిల్ల నా వైపు చూసింది. బాప్తిస్మం నీళ్ళలో ముంచి ఇస్తారా, తలమీద చిలకరించి ఇస్తారా అని అడుగుతోందని చెప్పాను. ముంచేవాళ్ళేనంది.

"మనం చిలకరించేవాళ్ళం. పర్లేదులే, నీళ్ళు ఎక్కువైతే వచ్చే నష్టమేముంది!" అంది అమ్మ. రంగు మాట ఎత్తనే లేదు. తర్వాత నేనే ఉండబట్టలేక అడిగితే, "మనల్ని ఎంచినోళ్ళు చాలరా, మళ్ళీ మనం కూడా ఒకళ్ళని ఎంచాలా?" అని నా నోరు మూయించింది.

ఇక మిగిలింది ఇంటిపేరు. టక్కర్ అని చెప్పింది పిల్ల. "టక్కరోళ్ళు కాకపోతే చాల్లే," అని అమ్మ నవ్వింది. అందరం నవ్వాం. సంబంధం కుదిరిపోయిందనే అనుకున్నాను. అప్పుడు నా కూతురు, ముద్దుగా ఉంటుందనుకుని, ఇంకో ముక్క చెప్పింది.

"అమ్మమ్మా, ఫన్నీ థింగ్ తెలుసా? వాళ్ళ గ్రాండ్‌పా టక్కర్, గ్రాండ్‌మా కూడా పెళ్ళికి ముందే టక్కర్. సో ఆమె నేమ్ చేంజ్ చేయాల్సిన పనే లేదు. క్యూట్ కదా?"

అమ్మ మజ్జిగ గ్లాసు బల్లమీద పెట్టేసి చెయ్యి కడుక్కోవడానికి లేచింది. మజ్జిగ తాగకుండా అన్నం దగ్గర్నించి లేవడం నేను ఎన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే నాతో తేల్చి చెప్పింది. "అన్నాచెల్లెళ్ళు చేసుకున్న ఇంటికి పిల్లనిచ్చేది లేదు. మీరిచ్చుకుంటే ఇచ్చుకోండి. నేను ప్రార్థన మాత్రం చెయ్యను."

ఆ చివరి మాటే మా గొంతుకి అడ్డం పడింది. మా వాళ్ళలో పెళ్ళికి ముందు ప్రధానం చేస్తారు. ఉంగరాలు మార్చుకునే ముందు ఆడపిల్ల ఇంట్లో పెద్దవాళ్ళెవరో లేచి, పిల్ల తలమీద చెయ్యివేసి, అందరూ వినేలా ప్రార్థన చేయాలి. పాస్టర్ గారి వంతు ఆ తర్వాతే. మా ఇంట్లో పెద్ద అంటే అమ్మే. నేను ఆఫీసులకి పరుగులు పెడుతున్నప్పుడు నా కూతుర్ని పెంచింది ఆవిడ. దానికొచ్చిన కాస్త తెలుగు ఆవిడ దగ్గర నేర్చిందే. అదేమో, "అమ్మమ్మ ప్రేయర్ చేయకపోతే నాకు ప్రధానం వద్దు, పెళ్ళి కూడా వద్దు, ఇలాగే ఉంటాం," అని భీష్మించుకుంది. అడకత్తెరలో పోకచెక్కలా నలిగింది నేను. మావారు మాత్రం "మీ అమ్మ, మీ కూతురు" అని ఒక్క మాటతో తప్పుకుని లాప్‌టాప్ వెనక్కి చేరారు. ఆయన మీద అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

బతిమాలితే వినే మనిషి కాదు అమ్మ. కారణం చూపిస్తే వింటుంది. అందుకని నేను ఆ టక్కర్ అనే పేరు ఎక్కడ పుట్టిందా అని వెతకడం మొదలుపెట్టాను. లైబ్రరీలో పుస్తకాలు తెచ్చుకున్నాను, ఆన్‌లైన్‌లో చదివాను. పెళ్ళి కుదర్చడానికి మొదలుపెట్టిన పని కాస్తా నాకే పిచ్చిగా పట్టుకుంది. ఒక సాయంత్రం అమ్మ గోంగూర ఆకు తుంచుతుంటే పక్కన కూర్చుని చెప్పాను.

పూర్వం ఇంగ్లండులో ఉన్ని బట్ట మగ్గం మీద నించి దిగగానే కట్టుకోవడానికి పనికొచ్చేది కాదు. జిడ్డుగా, వదులుగా, జల్లెడలా ఉండేది. దాన్ని తొట్లో వేసి, పులియబెట్టిన మూత్రమూ, ఒక రకం మట్టీ, నీళ్ళూ పోసి కాళ్ళతో తొక్కేవారు. తొక్కగా తొక్కగా జిడ్డు వదిలి, నేత దగ్గరపడి, చలికి ఆగే బట్టయ్యేది. ఆ తొక్కేవాణ్ణి దేశానికి నైరుతి మూల, డెవన్ అనే సీమలోనూ దాని చుట్టుపక్కలా టక్కర్ అనేవారు. ఆగ్నేయం వైపు అదే పని చేసేవాణ్ణి ఫుల్లర్ అనేవారు. ఉత్తరాదిన వాకర్ అనేవారు. పని ఒకటే, కంపు ఒకటే, సీమని బట్టి పేరు మారింది. తర్వాత ఆ పని మరలు చేశాయి. తొక్కడం మానేసిన వాళ్ళ పిల్లలకీ, వాళ్ళ పిల్లలకీ పేరు మాత్రం ఉండిపోయింది. డెవన్ రేవుల నుంచి ఓడలెక్కి సముద్రం దాటి ఈ వర్జీనియాకీ వచ్చింది.

అమ్మ ఆకు తుంచడం ఆపి విన్నది. వాళ్ళ తాతల కాలంలో మా వాళ్ళు ముతక బట్ట నేసేవారు. నాకు ఆ సంగతి తెలుసు గానీ ఎప్పుడూ అడిగిన పాపాన పోలేదు.

"మనది నూలు కాబట్టి గంజి పెట్టి ఊరుకున్నాం. వాళ్ళది ఉన్ని, తొక్కక తప్పలేదు పాపం," అంది. మళ్ళీ ఆకు అందుకుని, "ఉచ్చలో నిలబడి తొక్కినోడి పేరు దాచిపెట్టుకోకుండా పిల్లలకిచ్చుకున్నారు చూడు, అది మెచ్చుకోవాలి," అని కూడా అంది.

ఇదే సందని నేను అసలు మాట అందుకున్నాను. "అదే అమ్మా నేను చెప్పేది. బట్ట నేసే ప్రతి ఊళ్ళోనూ ఒక తొక్కేవాడు ఉండేవాడు. ఒక్కో ఊళ్ళో ఒక్కో టక్కర్. వాళ్ళకీ వీళ్ళకీ చుట్టరికం లేదు. పేరు కలిసినంత మాత్రాన ఒక రక్తం కాదు."

"అక్కడ ఊరికొకడు తొక్కాడు, సరే. ఇక్కడ ఈ ముసలాయనా ముసలావిడా ఇద్దరూ ఒకడి మునిమనవలు కాదని ఎవరు చూశారు? నువ్వు చూశావా?"

నేను చూడలేదు. నేను చేర్చిన వాదమంతా ఆవిడ ఒక్క మాటతో ఊడ్చేసింది. ఒళ్ళు మండింది, ముచ్చటా వేసింది.

ఈలోగా ఆ అబ్బాయి నాయనమ్మకి విషయం తెలిసిపోయింది. నా కూతురు నోట్లో నువ్వుగింజ నానదు. అంతా అబ్బాయికి చెప్పింది, అతను ఆవిడకి చెప్పాడు. నాకు తల కొట్టేసినట్టైంది. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న పెద్దావిడ. మీరు మీ అన్ననే చేసుకున్నారటగా అని ఇంకో దేశం వాళ్ళు తప్పుపడితే ఆవిడ ఏమనుకుంటుంది? అయితే ఆవిడ నుంచి వచ్చిన కబురు వేరు. మీ అమ్మగారిని ఒకసారి మా ఇంటికి తీసుకురండి, భోజనం చేసి మాట్లాడుకుందాం, అంది. "పెద్దది పిలిచింది, పోకపోతే మర్యాద కాదు," అని అమ్మ గోంగూర పచ్చడి సీసాలో పెట్టుకుని తయారైంది.

శనివారం పొద్దున్నే నా కూతురే డ్రైవ్ చేసింది. రాష్ట్రానికి దక్షిణం కొస, నార్త్ కరొలైనా సరిహద్దు దగ్గర చిన్న టౌను. దారిలో పచ్చిక బయళ్ళూ, చిన్నచిన్న చర్చీలూ దాటుతుంటే ఒకచోట అమ్మ "ఆపు, ఆపు" అంది. రోడ్డు పక్కన పొలంలో కిటికీల్లేని పాత చెక్క కట్టడం ఎత్తుగా, నల్లబడి నిలబడి ఉంది.

"పొగాకు బ్యారన్ కదూ అది!" అంది. గుంటూరు వైపు వర్జీనియా పొగాకని పండించిన ఆకుని ఆరబెట్టేవి అచ్చం ఇలాంటి బ్యారన్లే. చిన్నప్పుడు వాళ్ళమ్మ వెనకాల కూలికెళ్ళి ఆకు గ్రేడింగ్ చేసిన మనిషి. ఇన్నేళ్ళు వర్జీనియాలో ఉండి ఒక్క బ్యారన్ చూడలేదు. కారు అద్దం దించుకుని చాలాసేపు చూసింది. ఇక్కడ ఆకు ఎవరు కోశారని అడిగింది. మా అమ్మాయి చెప్పింది, "అమ్మమ్మా, ఒకప్పుడు స్లేవ్స్. వీళ్ళ ఫ్యామిలీసే." అమ్మ అద్దం పైకెత్తింది.

అబ్బాయి నాయనమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. పొడగరి, తెల్ల జుట్టు, నర్సుగా చేసి రిటైరైన మనిషి. అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వంటింటి బల్ల దగ్గర మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టింది. వేయించిన చికెన్, మొక్కజొన్న రొట్టె, ఉడకబెట్టిన ఆకుకూర పెట్టింది. మేం తెచ్చిన పచ్చడి ఆ ఆకుకూరలోనే కలుపుకుని తిని, కళ్ళలో నీళ్ళొస్తున్నా ఇంకొంచెం వేసుకుంది. అమ్మకి నిదానంగా మాట్లాడితే ఇంగ్లీషు అర్థమవుతుంది, జవాబు మాత్రం తెలుగులోనే. మధ్యలో దుబాసీని నేను. భోజనాలయ్యాక ఆవిడే మొదలుపెట్టింది.

"మీరు అడిగింది సబబైన ప్రశ్న. మా నాన్న కూడా అదే అడిగాడు."

అమ్మ తలెత్తింది.

"మా ఆయన మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు మా నాన్న లోపలికి రానివ్వలేదు. మెట్ల మీద నిలబెట్టి, ఏ టక్కర్లు మీరు? అని అడిగాడు. ఏటికి అవతలి టక్కర్లమని చెప్పాడాయన. నాన్న ఆ మాట నమ్మి ఊరుకోలేదు. ఏరు దాటి వాళ్ళ చర్చికెళ్ళాడు, అక్కడి ముసలివాళ్ళతో కూర్చున్నాడు, సమాధులు చూశాడు. వరసగా చాలా ఆదివారాలు వెళ్ళాడు. తర్వాతే లోపల కుర్చీ వేశాడు."

తర్వాత ఆ పేరు కథ చెప్పింది. ఇంగ్లండులో బట్ట తొక్కినవాడి సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు. ఆ తొక్కినవాళ్ళ సంతతి ఈ గడ్డమీద పొగాకు తోటలకి యజమానులైంది. ఏటికి ఇవతల ఒక టక్కర్, అవతల ఒక టక్కర్. ఇవతలి టక్కర్ తోటలో పనిచేసిన బానిసలు ఆవిడ వాళ్ళు. అవతలి టక్కర్ తోటలో పనిచేసిన బానిసలు ఆవిడ భర్త వాళ్ళు. విడుదలొచ్చాక ఇరువైపుల వాళ్ళూ యజమాని పేరే ఇంటిపేరుగా ఉంచుకున్నారు.

నేను ఆగలేకపోయాను. "ఎందుకు ఉంచుకున్నారు? అంత చేసినవాళ్ళ పేరు!"

"చాలామంది మార్చుకున్నారు. మా వాళ్ళు ఉంచుకున్నారు. పిల్లల్ని అమ్మేశారు కదా, ఎక్కడెక్కడికో. వాళ్ళు ఎప్పటికైనా వెతుక్కుంటూ వస్తే ఏ పేరు పట్టుకుని అడుగుతారు? వాళ్ళకి తెలిసింది ఆ ఒక్క పేరే. అందుకని ఉంచారని మా నాయనమ్మ చెప్పేది. ఎవరైనా వచ్చారా అని అడిగితే మాట మార్చేది."

ఆవిడ కాసేపు బల్ల గుడ్డ సర్ది, అమ్మ వైపు సూటిగా చూసింది. "ఆ రోజుల్లో యజమానులు మా ఆడవాళ్ళని ఏం చేశారో మీరూ వినే ఉంటారు. కాబట్టి ఎక్కడా ఏ రక్తమూ కలవలేదని నేను ప్రమాణం చేసి చెప్పలేను. తెలిసినంత వరకు మా నాన్న చూశాడు. ఆ పేరు మాకు పుట్టుకతో రాలేదు. మా మీద వేశారు. దాన్ని మోసి, పిల్లల్ని డాక్టర్లనీ టీచర్లనీ చేసుకున్నాం. అందులో మాది ఎంతో మాకు తెలుసు."

ఒక్క అబద్ధం చెప్పి మా అమ్మని సులువుగా ఒప్పించి ఉండొచ్చు. ఆవిడ చెప్పలేదు. అంత నిబ్బరం నేను ఇంకొకరిలో చూడలేదు. అదే సమయంలో ఆ "ప్రమాణం చేయలేను" అన్న మాటతో సంబంధం పోయిందనుకున్నాను. నా కూతురు గోళ్ళు కొరుకుతోంది.

అమ్మ నా వైపు తిరిగింది. తెలుగులో, "ఆ యజమానుల టక్కర్లు ఇప్పటికీ ఉన్నారా అడుగు. ఎదురుపడితే ఆవిడని ఏమని పిలుస్తారో అడుగు," అంది.

అడిగాను. ఆవిడ గట్టిగా నవ్వింది. "ఉన్నారు, టౌన్ నిండా ఉన్నారు. నేను వాళ్ళలో ముగ్గురు నలుగురికి ఆస్పత్రిలో సేవ చేశాను. మీదీ మాదీ ఒకటే పేరే అని ఆశ్చర్యపోతారు. అంతే. అంతకుమించి ఒక్క అడుగు వేయరు."

అమ్మ మొహం మారింది. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"మా ఊరి కామందుదీ మాదీ ఒకటే ఇంటిపేరు," అంది. "ఎప్పుడో ఏదో ఊరినించి వలసొచ్చినోళ్ళందరికీ ఆ ఊరి పేరే మిగిలింది. ఊళ్ళో ఉన్నోళ్ళకీ అదే, ఊరి బయట మాదిగా మాలా పల్లెల్లో ఉన్న మాకూ అదే. నాకు ఏడేళ్ళుంటాయి. వాళ్ళమ్మాయీ నేనూ ఒకే బడి. మన ఇంటిపేరు ఒకటేగా, నువ్వు నాకు చెల్లెలివి అన్నాను. ఆ పిల్ల ఇంటికి పోయి చెప్పింది. పొద్దుగూకేలోపు మా నాన్నకి కబురొచ్చింది. వాళ్ళ దొడ్లో నిలబెట్టి, నీ కూతురికి వరసలు నేర్పేది నువ్వేనంట్రా అని అడిగారు. మా నాన్న తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, పసిది, తెలవక అన్నదయ్యా అన్నాడు. నేను గోడ పక్కనే ఉన్నా. ఇంటికొచ్చి నన్ను కొట్టలా. ఒక్క మాటనలా. అన్నం మాత్రం తినలా."

ఈ సంగతి నేను ఎన్నడూ వినలేదు. దుబాసీ పని మర్చిపోయాను. నా కూతురే అందుకుంది. దాని తెలుగు వంకరటింకర తెలుగే, ఆ రోజు మాత్రం ఒక్క మాట పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పింది. చెబుతూనే ఏడ్చింది.

అమ్మ ఇంకా ఆపలేదు. "పేరు కలిస్తే వరస కలిసేదే అయితే, ఆ పిల్ల నాకు చెల్లెలు కావాలి. కాలా. ఆ సంగతి నాకు ఏడేళ్ళప్పుడే తెలుసు. అంత తెలిసుండీ, ఈ మహాతల్లిని పట్టుకుని తప్పు పెళ్ళి చేసుకుందన్నాను. నా బుద్ధి ఏమైందో!"

అది కూడా నా కూతురే చెప్పింది. ఆవిడ కుర్చీ జరుపుకుని మా అమ్మకి దగ్గరగా వచ్చింది. "మీ నాన్నగారి పేరేంటి?" అని అడిగింది. అమ్మ చెప్పింది. ఆవిడ ఆ పేరుని మెల్లగా పలికి, సరిగ్గా అన్నానా అని చూసి, మళ్ళీ పలికింది. ఆ పెద్దమనిషి పేరు అలా గౌరవంగా ఇంకొకరి నోట నేను వినడం అదే మొదటిసారి.

అమ్మ ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. "వదినా, మా పిల్లని మీ ఇంటికిస్తున్నాం," అంది.

"వదినా అంటే ఏంటి?" అని ఆవిడ నన్నడిగింది.

పిల్లనిచ్చి పుచ్చుకునే ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే వరస అని చెప్పాను.

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్నట్టేనండి."

ఆవిడ మా అమ్మ వైపు తిరిగి, నాలుక మడతపడుతున్నా, "వదినా," అంది. కామందు ఇంటి నుంచి జీవితమంతా ఏ వరసా వినని మా అమ్మ, "ఆఁ, వదినా," అని పలికింది.